సర్పంచ్ మేడమ్ ఉండగా ఆమె భర్తకే ఎందుకు ఫోన్ చేస్తాం? ఒక పంచాయతీ కార్యదర్శి ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి. మీ ఊళ్లో మహిళా రిజర్వేషన్‌లో ఒకావిడ కొత్తగా సర్పంచ్ అయ్యారు. ఆవిడంటే మీకు గౌరవమే. కానీ బోరు మోటారు కాలినా, ట్రాక్టర్‌కు డీజిల్ కావాలన్నా మీ వేలు ఆవిడ భర్త నంబరు మీదికే పోతోంది. ఈ మధ్య శిక్షణలో దీన్ని "అచేతన పక్షపాతం" అన్నారు, అంటే మనకు తెలియకుండానే ఒకవైపు మొగ్గడం. "నేనూ ఆడదాన్నే కదా మేడమ్, నాకెందుకుంటుంది? ఉంటే ఎలా పోగొట్టుకోవాలి? మండల ఆఫీసే ఆయన నంబరు అడుగుతుంటే నేనొక్కదాన్ని ఏం చేయగలను?" అని రాశారు.

అవునమ్మా, అది పక్షపాతమే. ఆడవాళ్లకూ ఉంటుంది. పోగొట్టుకోవడానికి మాత్రం మనసును తవ్వుకుంటూ కూర్చోకండి. పని నడిచే దారి మార్చండి. ఫోన్ ఎవరికి పోతోంది, తీర్మానాల పుస్తకం మీద సంతకం ఎక్కడ పడుతోంది, మీటింగ్ ఏ రోజు ఎన్ని గంటలకు, మాట్లాడేటప్పుడు ఎవరి మొహం చూస్తున్నాం. ఈ నాలుగూ మారితే మిగతాది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. మండల ఆఫీసు సంగతి చివర్లో చెప్తాను.

నేను పంచాయతీ కార్యదర్శిగా చేరి, ఈఓపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా రిటైరయ్యాను. ఇప్పుడు కొత్త సర్పంచుల శిక్షణలకు రిసోర్స్ పర్సన్‌గా పిలిస్తే పోతుంటాను. నేను సీట్లో కూర్చుని ఫైలు చూస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి "సార్ లేరామ్మా?" అని అడిగినవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లలో ఆడవాళ్లూ తక్కువేం కాదు. నా మీద వాళ్లకు కోపమా? లేదు. ఈఓ అనగానే వాళ్ల మనసులో మెదిలే మనిషి మగమనిషి, అంతే. చిన్నప్పటి నుంచి కరణం, పట్వారీ, సర్పంచ్, బ్యాంకు మేనేజరు అంటే మగవాళ్లనే చూసిన కళ్లు మనవి. మీవీ అవే కళ్లు. కాబట్టి "నేను ఆడదాన్నే కదా" అని బాధపడాల్సిన పని లేదు.

మొదట ఫోన్ సంగతి. మీ ఫోన్లో ఆయన నంబరు ఏ పేరుతో ఉందో చూడండి. "సర్పంచ్ సార్" అని ఉంటుందని నా అనుమానం. చాలా ఊళ్లలో జరిగేది ఇదే. ఎన్నిక కాగానే మండలానికి పంపే పట్టికలో "సర్పంచ్ సెల్ నం." అనే గడి ఉంటుంది. ఆ గడిలో భర్త నంబరు పడుతుంది. అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులోకి ఆయన నంబరే ఎక్కుతుంది. జిల్లా నుంచి వచ్చే మెసేజ్ ఆయనకే, సమీక్షా సమావేశం కబురు ఆయనకే, ఓటీపీ కూడా ఆయనకే. ఆరు నెలలు గడిచాక "ఆవిడకు ఏమీ తెలియదండీ, అన్నీ ఆయనే చూస్తాడు" అంటాం. తెలిసే దారులన్నీ మనమే ఆయనింటి వైపు తిప్పి, తెలియదని ఆవిడ మీద పెడుతున్నాం.

రేపే ఆవిడ నంబరు తీసుకోండి. సొంత ఫోన్ లేకపోతే ఇంట్లో వాళ్లతో మాట్లాడి ఒకటి ఏర్పాటు చేసుకోమనండి. గ్రూపులో నంబరు మార్పించండి. ఆయనే ఎత్తితే తగవు పెట్టుకోకుండా "అన్నా, మేడమ్‌తో పనుంది, ఒకసారి ఫోన్ ఇవ్వండి" అనండి. "నాకు చెప్పు, నేను చెప్తా" అంటాడు. "మళ్లీ మీకెందుకన్నా శ్రమ, సంతకం ఆమెదే కదా, ఆమెకు నేనే చెప్తా" అనండి. నవ్వుతూనే. పది సార్లు అయ్యాక ఆయనే అలవాటు పడతాడు. చాలామంది భర్తలు పెత్తనం కోసం పాకులాడేవాళ్లేం కాదు. పిలిచారు కాబట్టి వచ్చారు.

తర్వాత సంతకం. మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. తీర్మానాల పుస్తకం కారోబార్ (పంచాయతీ గుమాస్తా) చంకలో పెట్టుకుని సర్పంచ్ ఇంటికి పోతాడు. ఆవిడ పొయ్యి దగ్గరుంటుంది. చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, భర్త వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తుంది. పుస్తకం తిరిగి వస్తుంది. ఆ నెల జనరల్ ఫండ్ ఖర్చంతా ఆ ఒక్క నిమిషంలో ఆమోదం పొందింది. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే, రికవరీ నోటీసు వస్తే అందులో ఎవరి పేరుంటుంది? ఆవిడదీ, మీదీ. ఆయన పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఈ ఒక్క మాట విడమరచి చెప్తే, ఇన్నాళ్లూ అడగని సర్పంచులు కూడా "ఇదేం బిల్లు?" అని అడగడం మొదలుపెడతారు. నేను చూసినంతలో భయంతో మొదలైన ఆ అడగడం కొన్నాళ్లకు ఆసక్తిగా మారుతుంది.

పుస్తకం ఇంటికి పంపకండి. సంతకం ఆఫీసులోనే, తీర్మానం పైకి చదివాకే. ఆవిడకు చదువు రాకపోయినా అంతే. చదువు రాకపోవడం అడ్డు కాదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమా బీ గురించి మా తరం వాళ్లందరికీ తెలుసు. పెద్దగా చదువుకోని ఆ ముస్లిం మహిళ పొదుపు సంఘాల అండతో ఊరి పనులు నడిపించి, 1998లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి పురస్కారం అందుకుంది. చెల్లింపుల సంతకానికి సర్పంచ్ పేరు మీద వచ్చే డిజిటల్ కీ కూడా ఆవిడ దగ్గరే ఉండాలి, పిన్ ఆవిడకే తెలియాలి. కీ మీ బీరువాలో, పిన్ ఆయన నోట్లో ఉంటే ఆ చెల్లింపు ఎవరు చేసినట్టు?

ఇక "ఆడవాళ్లకు ఇది చేతనవుతుందా" అన్న అసలు అనుమానం. బయటికి ఎవరూ అనరు, లోపల చాలామందికి ఉంటుంది. దీని మీద మన దేశంలోనే గట్టి పరిశోధన జరిగింది. శిక్షణల్లో అమెరికా కంపెనీల ఉదాహరణలు చెప్తారు గానీ, ప్రపంచంలో ఈ విషయం మీద ఎక్కువగా ఉదహరించే ప్రయోగాల్లో ఒకటి మన పంచాయతీల మీద చేసిందే.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో కనీసం మూడో వంతు స్థానాలు, అధ్యక్ష పదవులు ఆడవాళ్లకన్నారు. (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎన్నికల నాటికి అది సగానికి పెరిగింది.) పశ్చిమ బెంగాల్లో ఏ పంచాయతీకి మహిళా ప్రధాన్ రావాలన్నది లాటరీ లాంటి పద్ధతిలో తేలేది. మన సర్పంచ్ లాంటి పదవే ప్రధాన్. ఊరి మంచిచెడ్డలతో నిమిత్తం లేకుండా రిజర్వేషన్ పడింది కాబట్టి, పడిన ఊరినీ పడని ఊరినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఎస్తేర్ డఫ్లో (2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చిన ఆవిడే), రాఘవేంద్ర చటోపాధ్యాయ, రోహిణీ పాండే, మరో ఇద్దరు కలిసి బీర్భూమ్ జిల్లాలో ఈ పని చేశారు. ప్రధాన్ మాట్లాడుతున్నట్టుగా ఒక ప్రసంగం తయారుచేశారు. అదే మాటలు ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేశారు. ఊళ్లవాళ్లకు ఏదో ఒకటి వినిపించి, ఈ ప్రధాన్ ఎంత సమర్థుడు లేదా సమర్థురాలు అనిపిస్తోందో మార్కులు వేయమన్నారు.

ఎన్నడూ మహిళా ప్రధాన్‌ను చూడని ఊళ్లలో ఆడ గొంతుకు మగవాళ్లు తక్కువ మార్కులు వేశారు. మాటలు అవే, గొంతు ఒక్కటే వేరు. రిజర్వేషన్ వల్ల మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్లలో ఆ తేడా కనబడకుండా పోయింది. 2009లో అచ్చయిన ఈ అధ్యయనంలో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇంకొకటుంది. "నాయకత్వంలో మగవాళ్లుంటే ఇష్టమా, ఆడవాళ్లుంటే ఇష్టమా" అన్న చోట మగవాళ్ల ఇష్టం పెద్దగా మారలేదు. మారింది ఇష్టం కాదు, అంచనా. ఆడది చేయలేదన్న లెక్క కరిగిపోయింది, ఆడది చేస్తే నచ్చదన్న గుణం ఉండిపోయింది. అందుకే నేను శిక్షణల్లో మనసులు మార్చే ఉపన్యాసాలు మానేశాను. మనసు సంగతి తర్వాత, ముందు ఆవిడ పని చేయడం ఊరు కళ్లారా చూడాలి. ఆయన మాట్లాడుతుంటే ఆవిడ పక్కన కూర్చోవడం చూస్తే ఏ అంచనా మారదు, పాతదే గట్టిపడుతుంది. మీరు ఆయనకు చేసే ప్రతి ఫోన్ ఊరికి ఆ అవకాశం లేకుండా చేస్తోంది.

మొదటిసారి మహిళా ప్రధాన్ వచ్చిన ఊళ్లలో జనం ఆవిడకు తక్కువ మార్కులే వేశారని, రెండోసారి కూడా ఆడమనిషే వచ్చిన ఊళ్లలో ఆ తేడా లేదని అదే అధ్యయనంలో తేలింది. కాబట్టి మీ మేడమ్‌కు మొదటి ఏడాది మంచి పేరు రాకపోతే కంగారు పడకండి.

పని బాగున్నా పేరు రాదనడానికి ఇంకో ఆధారం ఉంది. డఫ్లో, పెటియా తోపలోవా 2004లో అనేక రాష్ట్రాల సమాచారం చూసి రాశారు. మహిళలు నడిపే ఊళ్లలో తాగునీటి వసతులు ఎక్కువ ఉన్నాయి, నాణ్యత ఏమాత్రం తక్కువ కాదు, లంచాలు తక్కువ. అయినా జనం సంతృప్తి మాత్రం తక్కువ. పంచాయతీకి సంబంధం లేని సేవల మీద కూడా అసంతృప్తే చెప్పారు! ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా మండలంలో కరెంటు కోతకు కూడా మహిళా సర్పంచ్‌నే తిట్టేవాళ్లు.

ఇక్కడ నా దగ్గర జరిగింది ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో సర్పంచ్‌గా గెలిచినావిడ అంతకుముందు పొదుపు సంఘాల గ్రామ సంఘానికి అధ్యక్షురాలు. బ్యాంకు లింకేజీ, వడ్డీ లెక్క, వాయిదాలు కట్టని సభ్యులను దారికి తేవడం, అన్నీ ఆవిడ చేతి మీదుగా నడిచినవే. మొదటి సమావేశంలో చెక్కు ఎలా రాయాలో కార్యదర్శి ఆవిడ భర్తకు వివరించాడు. ఆ భర్త జన్మలో చెక్కు ముట్టినవాడు కాదు. ఆవిడ ఏమీ అనలేదు. రెండో నెలలో వీధి దీపాల బిల్లు వచ్చింది. ఆవిడ బిల్లు చేతిలో పట్టుకుని, "మా వాడలో స్తంభాలు నాకు తెలుసు, బల్బులు స్తంభాల కంటే ఎక్కువెందుకున్నాయి?" అంది. కొనుగోలు చేసిన వార్డు సభ్యుడు తడబడ్డాడు. బయటికొచ్చాక సభ్యులు ఏమన్నారు? "నోరు మంచిది కాదు. గెలవగానే లెక్కలడుగుతోంది." ఆవిడకు ముందున్న సర్పంచ్ కూడా బిల్లులు నిలదీసేవాడే. ఆయన్ని అదే సభ్యులు "లెక్కలో నిక్కచ్చి మనిషి" అనేవాళ్లు. ఇద్దరి మాటా నా చెవులతో విన్నాను కాబట్టి చెప్తున్నాను.

మరి ఆవిడ నెమ్మదిగా, అందరినీ కలుపుకుని పోతే? అప్పుడు "మంచిదే పాపం, గట్టితనం లేదు" అంటారు. ఏ దారిన పోయినా ముల్లే. ఆవిడకు సలహాలివ్వాలనిపించినప్పుడు ఇది గుర్తుంచుకోండి. "కొంచెం గట్టిగా మాట్లాడండి మేడమ్" అని ఒకరోజు, "అంత గట్టిగా ఎందుకన్నారు మేడమ్" అని ఇంకోరోజు మనమే అంటుంటాం. తన ధోరణిలో తనను మాట్లాడనివ్వండి. ఎవరైనా ఆవిడ తీరు బాగాలేదంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఏ నిర్ణయం తప్పు?" నిర్ణయం చూపిస్తే వినండి, తప్పయితే సరిచేయండి. చూపించలేకపోతే అది ఆవిడ తీరు గురించిన గోల, పని గురించింది కాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆడ సర్పంచ్ మీద వచ్చే ప్రతి విమర్శా పక్షపాతం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సోషల్ ఆడిట్ నివేదికలు తీసుకుని ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఇవర్సెన్, ఎం.ఆర్. శరణ్ చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. మహిళలకు రిజర్వయిన పంచాయతీల్లో మొదట్లో అవకతవకలు ఎక్కువే కనిపించాయి. కారణం ఆడవాళ్లు కావడం కాదు. పదవి కొత్త, ఆఫీసు వ్యవహారం కొత్త, అందువల్ల పగ్గాలు సిబ్బంది చేతిలోకి జారిపోయాయి. పదవిలో వాళ్లకు అనుభవం పెరిగేకొద్దీ పని మెరుగుపడింది.

ఆ సిబ్బంది ఎవరో వేరే చెప్పాలా? కార్యదర్శి, ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్. అంటే మనమే. ఊరంతా "భర్త పెత్తనం" అని ఆయన్ని తిడుతుంది గానీ, ఆఫీసు పెత్తనం గురించి ఎవరూ మాట్లాడరు. పని తెలియని సర్పంచ్ అంటే ఆఫీసుకు హాయి. అడిగేవాళ్లుండరు. ఆవిడకు రూల్స్ చెప్పకపోవడానికి "చెప్పినా అర్థం కాదులే" అని మనకు మనం చెప్పుకునే కారణంలో ఈ హాయి వాటా ఎంతో ఎవరికి వారు చూసుకోవాలి. మీరు ప్రశ్న అడిగారంటేనే ఆ కోవలోకి రారు, సరే.

దీన్నుంచి నేను తీసుకున్న పద్ధతి ఏమిటంటే, ఆవిడ మొదటి ఆరు నెలలను పాత సర్పంచ్ ఐదో ఏడాదితో పోల్చవద్దు. పోలిస్తే ఆయన మొదటి ఆరు నెలలతో పోల్చండి. ఆయనా అప్పుడు అంచనా విలువకు, ఎంబీకి (జరిగిన పని కొలతల పుస్తకం) తేడా తెలియక అడిగినవాడే. కాకపోతే ఆయన టీ కొట్టు దగ్గర అడిగి నేర్చుకున్నాడు, ఎమ్మెల్యే ఇంటి వరండాలో నేర్చుకున్నాడు. ఆవిడకు టీ కొట్టు లేదు. అంచేత ఆఫీసులోనే నేర్పాలి. నెలకొకసారి ఒక గంట, మీరూ ఆవిడా మాత్రమే కూర్చుని క్యాష్ బుక్ చూడండి. ఖాతాలో ఎంతుంది, ఆర్థిక సంఘం డబ్బు దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు, పన్ను బకాయి ఎవరెవరిది. ఇంతే. చాలా త్వరగా అందుకుంటారు.

మీటింగ్ వేళ గురించి ఒక చిన్న సంగతి. కూలికి పోయే ఒక సర్పంచ్ ప్రతి సమావేశానికీ భర్తను పంపేది. "ఆసక్తి లేదు" అని రాసేశారు. కనుక్కుంటే, సమావేశం పదకొండు గంటలకు, అది నాట్ల కాలం. ఆవిడ పోకపోతే ముఠాలో ఒక మనిషి తగ్గుతుంది, కూలీ పోతుంది. మగాయన ఆ కాలంలో కొంత ఖాళీగానే ఉంటాడు. అమావాస్య నాడు ఆ ఊళ్లో పొలం పని చేయరు. నెలవారీ సమావేశం ఆ రోజుకు పెట్టుకున్నాం. ఆ తర్వాత ఆవిడ మానలేదు, మహిళా వార్డు సభ్యులూ రావడం మొదలుపెట్టారు. ఆసక్తి లేదని మనం తేల్చేసేవాటిలో ఎన్నో ఇలా గడియారం దగ్గర, క్యాలెండర్ దగ్గర ఉంటాయి.

చూపు సంగతి ఇంకా చిన్నది, కానీ నేను శిక్షణల్లో అన్నిటికన్నా ముందు చేయించేది అదే. ఇద్దరు కూర్చున్నప్పుడు ఆవిడ ప్రశ్న అడుగుతుంది, అధికారి జవాబు ఆయన వైపు చూసి చెప్తాడు. ఒకసారి గమనించడం మొదలుపెడితే ఎక్కడ చూసినా కనిపిస్తుంది: బ్యాంకులో, ఆస్పత్రిలో, బండి షోరూంలో. పంచాయతీ సమావేశంలో దానికి తేలిక మార్గముంది. సభ్యులు కానివాళ్లకు ఆ గదిలో కుర్చీ వేయకండి. గ్రామసభ వేరు. అక్కడ ఆయన ఓటరు, వచ్చి కూర్చోవచ్చు, అడగొచ్చు. కాకపోతే జనంలో కూర్చుని. వేదిక మీద కాదు.

భర్త సాయమే తప్పా? కాదు. మగ సర్పంచ్‌కు తమ్ముడు, బామ్మర్ది, కొడుకు తిరిగి పనులు చేసిపెడితే ఎవరూ లెక్కచేయరు. ఆవిడకు భర్త బండి మీద మండలానికి తీసుకుపోతే, కాంట్రాక్టర్‌ను పిలుచుకొస్తే అది సాయమే. నిర్ణయం ఎవరిది, తెలిసి సంతకం చేసిందా అన్నదే చూడాలి. మీరు ఆయన్ని దూరం పెట్టబోయి ఆవిడ కాపురంలో చిచ్చు పెట్టొద్దు. ఇంట్లో చేయి చేసుకునే మనిషైతే మరీ జాగ్రత్త, ఆవిడ ఎంతవరకు సిద్ధంగా ఉందో అంతవరకే. వేగం ఆవిడది, మీది కాదు.

అన్నీ తెలియకుండా జరిగేవే అనుకోవద్దు కూడా. దళిత, గిరిజన మహిళ సర్పంచ్ అయిన చోట పరిస్థితి వేరేగా ఉంటుంది. తెలంగాణ 2018 చట్టంలో సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కు ఉమ్మడి చెక్ పవర్ పెట్టారు. పెద్ద కులం ఉపసర్పంచ్ నెలల తరబడి సంతకం ఆపేసి, "ముందు నా మనిషికి పని ఇవ్వమను" అన్న చోట నేను పనిచేశాను. దాన్ని అలవాటు అనలేం, అది పెత్తనం. నా గుర్తు ఒకటే: చెప్పగానే సర్దుకుంటే అలవాటు, చెప్పగానే కోపం వస్తే పెత్తనం. అలవాటుకు నవ్వుతూ చెప్పడం సరిపోతుంది. పెత్తనానికి కాగితం కావాలి. ఏ తేదీన ఏ బిల్లు సంతకానికి పెట్టారు, ఎందుకు తిరిగొచ్చింది, తీర్మానంలో రాయించి ఎంపీడీఓకు (మండల అభివృద్ధి అధికారి), డీపీఓకు (జిల్లా పంచాయతీ అధికారి) పంపండి. నోటిమాటతో వెళితే మీ మీదికే వస్తుంది.

శిక్షల గురించి కూడా అడిగేవాళ్లుంటారు. "సర్పంచ్ పతి" సంస్కృతి పోవాలని ప్రధాని మోదీ 2015 పంచాయతీరాజ్ దినోత్సవం నాడే అన్నారు. 2023లో సుప్రీంకోర్టు ముందుకు ఈ విషయం వచ్చాక కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక కమిటీ వేసింది. 2025లో వచ్చిన దాని నివేదిక, ఆడవాళ్ల బదులు మగవాళ్లు పదవి నడిపినట్టు రుజువైతే గట్టి శిక్ష ఉండాలంది. ఉండాల్సిందే. పైన చెప్పిన ఉపసర్పంచ్ లాంటివాళ్లకు భయం అవసరం. కానీ గడిలో ఆయన నంబరు రాసిన కార్యదర్శికి, "మీ ఆయన రాలేదామ్మా?" అని అడిగిన అధికారికి ఏ శిక్ష వేస్తారు? అది వాళ్ల దృష్టిలో మర్యాద.

ఇక మండల ఆఫీసు. మీరు చేయగలిగింది మీరనుకునేదానికంటే ఎక్కువే. పట్టికలు నింపేది మీరు. ఆవిడ నంబరే రాయండి, ఆయన నంబరు రాసే గడి లేదు కదా. సమీక్షకు ఎంపీడీఓ గారు "సర్పంచ్ భర్తను పంపు" అంటే, "సర్పంచ్ గారు వస్తున్నారు సార్" అని జవాబు పెట్టండి. ఎదురు చెప్పినట్టుండదు, పని అయిపోతుంది. వెళ్లేముందు ఆవిడకు రెండు అంకెలు ఇచ్చి పంపండి: పన్ను వసూలు ఎంత శాతమైంది, ఏ పని ఎక్కడ ఆగింది. సమీక్షల్లో అడిగేది ఎక్కువగా ఇవే. ఆవిడ నోటి నుంచి అంకె సరిగ్గా వస్తే మరుసటి నెల అధికారి నేరుగా ఆవిడనే అడుగుతాడు. ఇది నేను ఎన్నో మండలాల్లో చూశాను. అధికారులు భర్తల మీద ప్రేమతో పిలవరు, సమాధానం ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడుగుతారు.

ఇంకొకటి మర్చిపోయాను. రిజర్వేషన్ మారి, వచ్చేసారి మీ ఊరు జనరల్‌లోకి పోవచ్చు. బీర్భూమ్‌లో రెండుసార్లు వరసగా మహిళా రిజర్వేషన్ చూసిన చోట, రిజర్వేషన్ తీసేశాక కూడా ఆడవాళ్లు ఎక్కువగా పోటీ చేశారు, గెలిచారు. మీ మేడమ్ కూడా నిలబడతానంటే ఆ ఎన్నికలో మీరు వేలు పెట్టకూడదు, ఉద్యోగం పోతుంది. కానీ ఈ ఐదేళ్ల పని ఆవిడ పేరు మీద నమోదై ఉండేలా చూడడం మీ ఉద్యోగంలో భాగమే. డ్రైనేజీ పని ప్రారంభం అయినప్పుడు విలేకరికి పంపే నోట్‌లో "సర్పంచ్ భర్త ఫలానా ఆధ్వర్యంలో" అని పోతోందా చూడండి. శిలాఫలకం రాయించేటప్పుడు, గ్రామసభ నివేదిక చదివేటప్పుడు, పంచాయతీ డబ్బుతో ఫ్లెక్సీ వేయించేటప్పుడు కూడా అంతే. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ పెద్దదిగా, ఆవిడది మూలన స్టాంపు సైజులో వస్తే ప్రింటింగ్ వాడి దగ్గరికి వెనక్కి పంపండి, బిల్లు ఆపండి.